ప్రమాణం చేయని మనుషులు

(మన సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన నెల కార్యదర్శిగారు మా ఇంటికి వచ్చి, “మీరు ఇంగ్లండులో ఆరు నెలలుండి వచ్చారు గదా, ఓ అరగంట ఏదైనా చెప్పండి” అన్నారు. ఇంగ్లండు నాకంటే బాగా చూసినవారు ఈ హాల్లోనే పదిమంది ఉన్నారు. పిల్లల దగ్గరకు వెళ్ళిన మనం చూసేదల్లా మనవల్నీ, కిటికీ అద్దంలోంచి వాననూ. అందుచేత దేశం గురించి కాకుండా, అక్కడ ప్రతి ఆదివారం ఒక గంటసేపు నేను కూర్చుని వచ్చిన చోటు గురించి చెబుతానన్నాను. “చర్చికి వెళ్ళేవారా?” అని ఆయన కాస్త అనుమానంగా చూశారు. మీలో కొందరు కూడా అలాగే చూస్తున్నారు. మతం మారలేదు, భయపడకండి. ఈ ఉదయం కూడా సంధ్యావందనం చేసుకునే వచ్చాను.

వాళ్ళను క్వేకర్లు అంటారు. వాళ్ళు పెట్టుకున్న పేరు మిత్రుల సమాజం. మా అమ్మాయి బర్మింగ్‌హామ్‌లో ఉంటుంది. మా ఆవిడ పోయిన ఏడాదికి నన్ను బలవంతంగా తీసుకువెళ్ళింది. పగలంతా ఇంట్లో నేనొక్కణ్ణే. పక్కింట్లో ఎనభై దాటిన ఒక రిటైర్డు టీచరమ్మ ఉండేది. నేను రోజూ గేటు దగ్గర ఊరికే నిలబడటం చూసి ఒకనాడు, “ఆదివారం మేము కొందరం కలిసి మాట్లాడకుండా కూర్చుంటాం, వస్తారా?” అని అడిగింది. మాట్లాడకుండా కూర్చోవడం అప్పటికి నాకు బాగా అలవాటైన పనే గనుక వెళ్ళాను.

అదొక మామూలు గది. సిలువ లేదు, విగ్రహం లేదు, కొవ్వొత్తులు లేవు, పాటల పుస్తకాలు లేవు, ప్రసంగవేదిక లేదు. కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. మధ్యలో చిన్న బల్ల, దాని మీద గాజుగ్లాసులో పూలు, ఒక బైబిలు, ఇంకో రెండు పుస్తకాలు. పదిన్నరకు ఆరాధన అన్నారు. పది ఇరవైకే కొందరు వచ్చి కూర్చున్నారు. ఎవరో లేచి ప్రారంభిస్తారని నేను ఎదురుచూస్తున్నాను. ఎవరూ లేవలేదు. మొదటి మనిషి వచ్చి కూర్చున్నప్పుడే ఆరాధన మొదలైపోయినట్టేనట. ఆ సంగతి నాకు తరవాత తెలిసింది.

నా సంగతి చెప్పాలంటే, మొదటి అయిదు నిమిషాలు గోడ గడియారం చూశాను. తరవాతి పది నిమిషాలు రావలసిన డి.ఏ. బకాయిలు లెక్క వేశాను. తరవాత కడుపులో చప్పుడు మొదలయింది. అంతటి నిశ్శబ్దంలో అది అందరికీ వినబడుతున్నదని నాకు ఒకటే సిగ్గు. ఎదురుగా ఒకాయన హాయిగా నిద్రపోతున్నాడు. ఎవరూ తట్టి లేపలేదు.

సుమారు అరగంటయ్యాక ఒక ముసలాయన లేచి నిలబడ్డాడు. “నిన్న మా అబ్బాయి ఫోను చేస్తే బాగానే ఉన్నానని చెప్పాను. నేను బాగా లేను. అలా ఎందుకు చెప్పానా అని ఆలోచిస్తున్నాను” అన్నాడు. అంతే, కూర్చున్నాడు. ఎవరూ జవాబు చెప్పలేదు, ఓదార్చలేదు, తల కూడా తిప్పలేదు. మళ్ళీ నిశ్శబ్దం. ఆ మాటలు గదిలో అలాగే ఉండిపోయాయి. గంట పూర్తయ్యాక ఇద్దరు పెద్దలు ఒకరికొకరు కరచాలనం చేసుకున్నారు, తరవాత అందరూ పక్కవారితో చేయి కలిపారు. ఆరాధన అయిపోయింది. టీ తాగేటప్పుడు మాత్రం టీచరమ్మ తన కప్పు తీసుకుని వెళ్ళి ఆ ముసలాయన పక్కన కూర్చుంది.

ఇదీ వాళ్ళ పూజ. పురోహితుడు లేడు. ప్రతి మనిషిలోనూ దేవుని అంశ ఒక వెలుగులా ఉందని, దాన్ని చేరడానికి మధ్యవర్తి అక్కరలేదని వాళ్ళ నమ్మకం. నిశ్శబ్దంగా కలిసి కూర్చుని కనిపెట్టుకుని ఉంటారు. ఎవరికైనా లోపలి నుంచి మాట పుడితే, అది తన కోసం మాత్రమే కాదు, అందరికోసం అని గట్టిగా అనిపిస్తే, లేచి చెబుతారు. ఆడా మగా తేడా లేదు, మెంబరా కొత్తవాడా అన్న తేడా లేదు. ఒకరు చెప్పాక వెంటనే ఇంకొకరు అందుకోకూడదు. చెప్పినదాన్ని ఖండించకూడదు, చర్చకు పెట్టకూడదు. కొన్ని వారాలు గంటసేపూ ఒక్కరూ నోరు విప్పరు. అది కూడా మంచి ఆరాధనే అంటారు.

ఇది మన ధ్యానంలాంటిదే గదా అని మీరు అనవచ్చు. అన్నీ ఒకటే అనేయడం మనకు అలవాటు. నాకు అలా అనిపించలేదు. ధ్యానంలో నా మటుకు నేను కూర్చుంటాను, పక్కవాడు ఉన్నా లేకపోయినా ఒకటే. అక్కడ పక్కవాడు ఉండాలి. నా మౌనం అతనికి ఆసరా, అతనిది నాకు. పైగా ఈ పద్ధతి వేళ్ళు క్రైస్తవంలో ఉన్నాయి. దాన్ని దాచి చెప్పడం న్యాయం కాదు. అయితే ఇవాళ ఇంగ్లండు క్వేకర్లలో దేవుడు అన్న మాట వాడటానికి ఇష్టపడనివారు కూడా ఉన్నారు. చేరేవారు ఫలానా సిద్ధాంతం ఒప్పుకున్నామని సంతకం చేయనక్కరలేదు. ఇంకొక సంగతి. ప్రపంచమంతటా క్వేకర్లు ఇలాగే కూర్చుంటారని అనుకోవద్దు. వారి సంఖ్య అతి ఎక్కువగా ఉన్న కెన్యాలో పాస్టర్లు ఉంటారు, పాటలుంటాయి, ప్రసంగాలుంటాయి. నేను చెప్పేది నేను చూసిన పద్ధతి.

ఇప్పుడు చరిత్ర కొంచెం. ఈ సమాజానికి మూలపురుషుడు జార్జి ఫాక్సు. 1624లో ఇంగ్లండులో లెస్టర్‌షైరు పల్లెటూళ్ళో ఒక నేతవాని ఇంట పుట్టాడు. చెప్పులు కుట్టేవాని దగ్గర పని నేర్చుకున్నాడు. దేశంలో రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం జరుగుతున్న రోజుల్లో, మతబోధకుల దగ్గర తన ప్రశ్నలకు జవాబు దొరక్క ఊళ్ళు పట్టుకు తిరిగాడు. 1652లో ఉత్తరాదిన పెద్ద ఎత్తున జనం ఆయన వెంట వచ్చారు. స్వార్త్‌మూర్ హాలు యజమానురాలు మార్గరెట్ ఫెల్ తన ఇంటినే వీళ్ళకు కేంద్రంగా చేసింది. క్వేకరు అంటే వణికేవాడు. 1650లో డెర్బీలో ఫాక్సును విచారించిన ఒక మేజిస్ట్రేటు, దేవుని మాట విని వణకమని ఈయన తనకే చెప్పినందుకు, వెటకారంగా పెట్టిన పేరది. కోర్టులో పెట్టిన పేరు కాబట్టి కాబోలు, అలాగే నిలిచిపోయింది.

కోర్టు సంగతి వచ్చింది గనుక నా సంగతి కూడా చెప్పాలి. మీలో చాలామందికి తెలుసు, నేను బెంచి క్లర్కుగా, చివరలో శిరస్తాదారుగా పనిచేశాను. బోనులో నిలబడిన సాక్షి చేత “దేవుని ఎదుట ప్రమాణం చేసి నిజం చెబుతాను, అంతా నిజమే చెబుతాను, అబద్ధం చెప్పను” అనిపించడం ఎన్ని వేలసార్లు చేశానో లెక్క లేదు. ఆ వెంటనే చెప్పిన అబద్ధాలు విన్నదీ అన్ని వేలసార్లే! టీ తాగుతూ ఈ మాట చెబితే టీచరమ్మ నవ్వి, “అయితే మీరు మా పూర్వులను జైలుకు పంపి ఉండేవారు” అంది.

నిజమే. క్వేకర్లు ప్రమాణం చేయరు. ప్రమాణాలు వద్దు, అవునంటే అవును, కాదంటే కాదు అన్నట్లుండాలని ఏసుక్రీస్తు చెప్పిన మాట వాళ్ళకు ఆధారం. వాళ్ళ తర్కం ఇంకా సూటిగా ఉంటుంది. కోర్టులో నిజం చెబుతానని ఒట్టు వేశానంటే, బయట చెప్పేదానికి పూచీ లేదని ఒప్పుకున్నట్టే గదా. నిజానికి రెండు కొలతలు ఉండవు అంటారు. 1662లో ఈ మనుషుల కోసమే ఒక చట్టం వచ్చింది. ప్రమాణం నిరాకరిస్తే నేరం, అయిదుగురు గాని అంతకు మించి గాని ఆరాధనకు చేరితే నేరం. ఇంకే నేరమూ రుజువు కాకపోతే మేజిస్ట్రేట్లు రాజభక్తి ప్రమాణం చేయమనేవారు. చేయమనగానే జైలు. మార్గరెట్ ఫెల్ 1664లో అరెస్టయి నాలుగేళ్ళు జైల్లో ఉంది. అక్కడే, స్త్రీలు మతసభలలో మాట్లాడవచ్చునని వాదిస్తూ పుస్తకం రాసి 1666లో అచ్చు వేయించింది.

ఒక్క కేసు మాత్రం వివరంగా చెప్పనివ్వండి. కోర్టువాణ్ణి, చెప్పకుండా ఉండలేను. 1670 ఆగస్టులో లండనులో క్వేకర్ల మందిరానికి సైనికులు కాపలా పెట్టి రానీయకపోతే, విలియం పెన్ అనే పాతికేళ్ళ యువకుడు గ్రేస్‌చర్చ్ వీధిలోనే నిలబడి మాట్లాడాడు. అతన్నీ, విలియం మీడ్ అనే ఆయన్నీ పట్టుకుని విచారణకు తెచ్చారు. ఆ రోజుల్లో క్వేకర్లు ఎవరి ముందూ టోపీ తీసేవారు కారు, అది దేవుని ముందు మాత్రమే చేసే మర్యాద అనేవారు. వీళ్ళు కోర్టులోకి వచ్చేసరికి జవాను ఎవరో ముందే టోపీలు తీసేశాడట. న్యాయపీఠం మీదివారు మళ్ళీ ఆ టోపీలను వాళ్ళ నెత్తిన పెట్టించి, తీయలేదని జరిమానా వేశారు! ఇన్నేళ్ళ సర్వీసులో ఇంత చక్కటి ఆర్డరు నేను చూడలేదు.

అసలు సంగతి జ్యూరీది. పన్నెండుమంది జ్యూరీ, పెన్ ఆ వీధిలో మాట్లాడాడన్నంతవరకే మేము చెప్పగలం అన్నారు. జడ్జీలకు కోపం వచ్చి, దోషి అని చెప్పేదాకా తిండి, నీళ్ళు, నెగడు లేకుండా రెండు రాత్రులు వాళ్ళను గదిలో పెట్టి తాళం వేశారు. చివరికి నిర్దోషులని తీర్పు చెప్పారు. అందుకు జ్యూరీ సభ్యులకే జరిమానా పడింది. కట్టని వాళ్ళను జైలుకు పంపారు. వారిలో ఎడ్వర్డ్ బుషెల్ అనే ఆయన పై కోర్టుకు వెళ్ళాడు. తీర్పు నచ్చలేదని జ్యూరీని శిక్షించడానికి వీల్లేదని ప్రధాన న్యాయమూర్తి వాన్ తేల్చాడు. ఇంగ్లీషు న్యాయశాస్త్రంలో ఈనాటికీ చెప్పుకునే తీర్పు అది. ఆ పెన్నే తరవాత అమెరికాలో పెన్సిల్వేనియా స్థాపించాడు.

ప్రమాణానికి బదులు దృఢంగా చెబుతున్నాను అంటే చాలునని క్వేకర్లకు 1696లో చట్టం ఒప్పుకుంది. 1833లో జోసెఫ్ పీస్ అనే క్వేకరు ప్రమాణం చేయకుండానే పార్లమెంటులో కూర్చున్నాడు. మన 1969 ప్రమాణాల చట్టంలో కూడా సాక్షి ఇష్టపడితే దేవుని పేరు లేకుండా చెప్పవచ్చు. ఆ సెక్షను నాకు కంఠతా వచ్చు. దాని వెనుక ఇంతమంది జైలు కూడు ఉందని మాత్రం రిటైరైన తరవాత తెలిసింది.

ఇంగ్లీషులో ఆ రోజుల్లో పెద్దవాళ్ళను ‘మీరు’ అనీ, చిన్నవాళ్ళను ‘నువ్వు’ అనీ తేడా ఉండేది. క్వేకర్లు జడ్జిని కూడా ‘నువ్వు’ అనేవారు. తన్నులు తిన్నవాటిలో ఇదొక కారణం. నేను ఆలోచించాను. నేను వకీలుగారి గుమాస్తాను ‘మీరు’ అన్నాను, పల్లె నుంచి వచ్చిన ముసలి సాక్షిని ‘ఏమిరా, గట్టిగా చెప్పు’ అన్నాను. వాళ్ళలాగ అందరినీ నువ్వనడం మనకు కుదరదు. అందరినీ మీరనడం కుదిరేది.

మన సంఘంలో క్లర్కులుగా పనిచేసినవారే ఎక్కువ గనుక ఈ సంగతి సంతోషం కలిగిస్తుంది. క్వేకర్లలో సమావేశం నడిపే మనిషి హోదా పేరు క్లర్కు. అధ్యక్షుడు లేడు, కార్యదర్శి లేడు, క్లర్కే. వాళ్ళ వ్యవహారాల సమావేశానికి నన్నొకసారి అనుమతి అడిగి తీసుకువెళ్ళారు. మందిరం పైకప్పు మరమ్మతు ఎజెండా. ఓటింగు ఉండదు. ఒకరి తరవాత ఒకరు, మధ్యలో కాసేపు మౌనం. అందరి మనసూ ఎటు మొగ్గుతున్నదో క్లర్కు పట్టుకుని, అక్కడికక్కడే మినిట్సు రాసి చదువుతాడు. ఒప్పుకుంటే అదే తీర్మానం. ఆ రోజు ఒకావిడకు సమాధానం కలగలేదు. పై నెలకు వాయిదా వేశారు. కప్పు కారుతూనే ఉంది. రోడ్లు వేసే శాఖలో ఈ పద్ధతి పెడితే ఒక్క రోడ్డూ పడదు. మన గత సర్వసభ్య సమావేశం మినిట్సు మీద ఇంకా జరుగుతున్న యుద్ధం తలచుకుంటే మాత్రం, కారే కప్పే నయమనిపిస్తుంది.

వాళ్ళు మరీ దేవతలేమీ కారు. బానిసల వ్యాపారానికి వ్యతిరేకంగా 1787లో లండనులో ఏర్పడిన సంఘం స్థాపకులు పన్నెండుమందిలో తొమ్మిదిమంది క్వేకర్లు. కాని అంతకు ముందు అమెరికాలో క్వేకర్లే బానిసలను ఉంచుకున్నారు, పెన్ కూడా ఉంచుకున్నాడు. జాన్ ఉల్మన్ అనే దర్జీ పనిచేసే మనిషి ఇంటింటికీ వెళ్ళి మెల్లగా అడిగాడు. ఆయన చనిపోయిన నాలుగేళ్ళకు, 1776లో, బానిసలున్నవాడు మాలో ఉండరాదని ఫిలడెల్ఫియా క్వేకర్లు తీర్మానించారు.

వ్యాపారంలో కూడా వాళ్ళు నిజాన్నే పట్టుకున్నారు. ఎక్కువ చెప్పి తక్కువకు ఇస్తే మొదట చెప్పింది అబద్ధమే గదా అని, బేరం లేకుండా ఒకటే ధర చెప్పేవారు. చిన్నపిల్లను పంపినా మోసం లేదని జనం వాళ్ళ దుకాణాలకే వెళ్ళారు. మన మనవలు తినే క్యాడ్‌బరీ చాక్లెట్టు ఆ కుటుంబాలవారు మొదలుపెట్టిందే.

మన దేశంతో వాళ్ళకు సంబంధం ఉంది. 1931లో రౌండ్ టేబుల్ సమావేశానికి గాంధీగారు లండను వెళ్ళినప్పుడు ఆయనకు స్వాగతసభ జరిగింది క్వేకర్ల ఫ్రెండ్స్ హౌస్‌లోనే. హొరేస్ అలెగ్జాండర్ అనే క్వేకరు ఆయనకు ఆప్తుడు. 1947 ఆగస్టులో కలకత్తాలో మతకల్లోలాల మధ్య గాంధీగారి దగ్గర ఉన్నాడు. మార్జొరీ సైక్స్ అనే ఆవిడ 1928లో మద్రాసులో టీచరుగా వచ్చి, శాంతినికేతనంలోనూ సేవాగ్రామంలోనూ పనిచేసింది. 1947 నోబెల్ శాంతి బహుమతి బ్రిటనులోని, అమెరికాలోని క్వేకర్ల సేవాసంస్థలు రెండింటికీ కలిపి ఇచ్చారు. యుద్ధం చేయమని 1661లోనే రాజుకు రాసి ఇచ్చిన మనుషులు వాళ్ళు.

ఇక నా విషయం. ఇది చెప్పాలా వద్దా అని నిన్నటిదాకా తటపటాయించాను.

మా నాన్నగారు పోయాక మా ఊరి పెద్దల సమక్షంలో నాకూ మా తమ్ముడికీ పంపకాలు జరిగాయి. కాలవగట్టున నలభై సెంట్ల కొబ్బరితోట ఉంది. నాన్నగారు మంచాన పడ్డ రెండేళ్ళూ తమ్ముడే చూశాడు. ఒక రాత్రి నాతో, “ఆ తోట వాడికి వదిలెయ్యరా” అన్నారు. గదిలో ఇద్దరమే ఉన్నాం. పంపకాలనాడు పెద్దలు, “తోట గురించి నాన్నగారు ఏమైనా చెప్పారా?” అని నన్నడిగారు. “కాగితం మీద ఏమీ రాయలేదండీ” అన్నాను. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. తోట చెరి సగం అయింది. ఆ రాత్రి మా ఆవిడ, “మీరు అడిగినదానికి జవాబు చెప్పలేదు” అంది. తరవాత ఆమె ఆ మాట ఎత్తలేదు. తమ్ముడు మా ఇంటికి రావడం మానేశాడు. ఆమె పోయినప్పుడు వచ్చి, పన్నెండు రోజులూ ఉండి, నాతో ఒక్క మాటా మాట్లాడకుండా వెళ్ళాడు.

బర్మింగ్‌హామ్‌లో ఆ కుర్చీలో కూర్చుంటే వారం వారం నాకు నా గొంతే వినబడేది. “అంతా నిజమే చెబుతాను” అని వేలమంది చేత అనిపించిన గొంతు. నాలుగో నెలలో ఒక ఆదివారం లేచి నిలబడ్డాను. నా ఇంగ్లీషు ఆఫీసు ఇంగ్లీషు. మా తమ్ముడి విషయంలో సగం నిజం చెప్పానని, పంతొమ్మిదేళ్ళయిందని చెప్పి కూర్చున్నాను. కాళ్ళు వణికాయి. ఆ మేజిస్ట్రేటు పెట్టిన పేరు సరైనదే. ఎవరూ ఏమీ అనలేదు. టీ దగ్గర ఆ ముసలాయన, కొడుకు ఫోను సంగతి చెప్పినాయన, నా పక్కకు వచ్చి కూర్చుని బిస్కట్ల పళ్ళెం నా వైపు జరిపాడు.

తిరిగి రాగానే ఊరెళ్ళి తమ్ముడికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. “ఇప్పుడెందుకన్నయ్యా” అన్నాడు. మరదలు మంచినీళ్ళు ఇచ్చి లోపలికి వెళ్ళింది. నా సగానికి రిజిస్ట్రారాఫీసులో విడుదల దస్తావేజు రాసిచ్చాను. తమ్ముడు సంతకం చేసి, నా మొహం చూడకుండానే బస్సెక్కి వెళ్ళిపోయాడు. కౌగలించుకుంటాడని నేను అనుకోలేదు, అనుకున్నానేమో కూడా. ఈ మధ్య అప్పుడప్పుడు ఫోను చేస్తున్నాడు. ఎక్కువ మాట్లాడడు. నేనూ మాట్లాడను. ఇద్దరం అలా కాసేపు ఫోను పట్టుకుని ఉంటాం.

కొత్తగా అక్కడికి వెళ్ళేవారికి రెండు ముక్కలు. మీ పిల్లలు ఇంగ్లండులోనో అమెరికాలోనో ఉంటే చుట్టుపక్కల మిత్రుల మందిరం ఎక్కడైనా ఉందేమో వాకబు చేయండి. చెప్పులు విప్పనక్కరలేదు, టిక్కెట్టు లేదు, ఫలానా బట్టలని లేదు. ఆలస్యమైతే తలుపు దగ్గర కుర్చీలో కూర్చోవాలి. దగ్గు వస్తే దగ్గవచ్చు. నిద్ర వస్తే సిగ్గుపడనక్కరలేదు, గురక మాత్రం పెట్టకండి. మొదటిసారే లేచి మాట్లాడాలని ఉబలాటపడవద్దు. అయిపోయాక టీ తాగకుండా వెళ్ళిపోవద్దు.

కార్యదర్శిగారు నాకిచ్చిన సమయంలో ఇంకా అయిదు నిమిషాలు మిగిలింది. అధ్యక్షులవారు అనుమతిస్తే ఆ అయిదు నిమిషాలూ మనం ఊరికే కూర్చుందాం. ఫోన్లు కట్టేయండి. ఫ్యాను కిర్రుమంటోంది, ఉండనివ్వండి. కళ్ళు మూసుకోవడం మీ ఇష్టం. గడియారం నేను చూస్తాను. అయిపోగానే పక్కవారికి చేయి అందిస్తాను, మీరూ మీ పక్కవారికి అందించండి, ఎలక్షన్లలో ఎవరు ఏ ప్యానెల్లో ఉన్నారో చూడకుండా.